డ్రైవరు మీద రిపోర్టు

ఇరవై రెండేళ్లలో నేను మా డ్రైవరు మీద ఒక్క కాగితం కూడా పెట్టలేదు. ఆయన నా మొగుడు కావడం ఒక కారణం. అయితే అదొక్కటే కాదు. కండక్టరుకూ డ్రైవరుకూ మధ్య ఏ తగాదా వచ్చినా అది బస్సులోనే తేలిపోవాలి, డిపో ఆఫీసు దాకా పోకూడదు. ఎవరూ రాసివ్వకపోయినా మేమంతా పాటించే రూలు ఇది. ఒకసారి ఘాట్‌లో పక్క అద్దం పిట్టగోడకు కొట్టుకుని పగిలితే, కోతి పీకేసిందని డిపో మేనేజరు గారికి చెప్పాను. ఆయన నా మొహంలోకి చూసి, "ఎంత పెద్ద కోతమ్మా?" అన్నారు. ఐదడుగుల ఎనిమిదంగుళాలని నోటిదాకా వచ్చింది గానీ మింగేశాను.

ఆ కోతి పేరు సూర్యచంద్రం, నా పేరు నూకరత్నం. గోకవరం డిపో. రాజమండ్రి నుంచి మారేడుమిల్లి ఘాట్ మీదుగా భద్రాచలం పోయే బస్సు మా ఇద్దరిదీ. డ్యూటీలో ఆయన నన్ను "కండక్టరు గారూ" అనేవారు, నేను "డ్రైవరు గారూ" అనేదాన్ని. ఇంటికొచ్చాక ఎవరేమని పిలుచుకున్నామో మీకెందుకు.

మంచి డ్రైవరు, మహా మొండి మనిషి. ఘాట్‌లో ఎవరైనా దిగుతామంటే నేను "హోల్డాన్" అని అరిచేదాన్ని. ఆయనకు రోడ్డు వెడల్పుగా కనబడేదాకా బస్సు ఆగేది కాదు. వాంతి వస్తోందన్నా అంతే, పిల్లాడు గుక్కపట్టాడన్నా అంతే. దిగినవాళ్లు వెనక్కి నడుచుకుంటూ నన్ను తిట్టేవారు, ఆయన్ని కాదు.

ఆయన రిటైరవడానికి ఏడాది ఉందనగా ఒక ఇంజనీరింగ్ కాలేజీ వాళ్లు డిపోకి వచ్చారు. ఘాట్ మీద చెయ్యి తిరిగిన డ్రైవర్లు ఒక్కొక్కరే ఇంటికి పోతున్నారు, కొత్తవాళ్లకు నేర్పేవాళ్లు లేరు. అందుకని వాళ్లొక ఆట తయారుచేస్తున్నారు. కాలేజీలో ఓ గదిలో బస్సు ముందుభాగం పెట్టి, చుట్టూ తెరలు కట్టి, గోకవరం స్టాండు నుంచి ఘాట్ రోడ్డు మొత్తం రాయీ చెట్టూ వదలకుండా అందులోకి ఎక్కించారు. సీటు కింద ఒక పలక ఉంది. మనిషి ఎటు ఒరుగుతున్నాడో దానికి తెలుస్తుంది. స్టీరింగు మీద పల్చటి తొడుగు ఉంది. ఏ వేలు ఎంత బిగిసిందో దానికి తెలుస్తుంది. కొన్నాళ్లు ఇలా గమనించాక ఆ యంత్రం మనిషి లేకుండానే ఆ మనిషిలాగే నడుపుతుంది. తర్వాత కొత్త డ్రైవరు వచ్చి కూర్చుంటే, స్టీరింగు అతని చేతుల్ని మెల్లిగా లాగుతూ దారిలో పెడుతుంది. పలక మీద పంతులుగారు రాసిచ్చిన అక్షరం మీద పిల్లలు దిద్దుతారే, అలాగ. అందుకే దానికి 'ఒరవడి' అని పేరు పెట్టారు. పేరు పెట్టింది, యంత్రాన్ని చేసింది గ్రేస్ అనే అమ్మాయి. ముప్పై ఏళ్లుంటాయి. గబగబా మాట్లాడుతుంది, అన్నం తినడం మరిచిపోతుంది.

మొదటిరోజు మా ఆయన ఆ ఆటలో మూడుసార్లు పిట్టగోడను గుద్దారు. గ్రేస్ బిత్తరపోయింది. ఈయన మాత్రం దిగి వచ్చి, "ఎనకాల ఎవరూ లేరండి. ఉత్త డొక్కు తోలినట్టుంది. మా కండక్టరు గారిని కూచోబెట్టండి" అన్నారు. అలా నేను కూడా ఆటలోకి ఎక్కాను. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, వెనక కుర్చీలో కూర్చోబెట్టారు. తెరమీద ప్రయాణికులు ఎక్కుతుంటే నేను టికెట్లు కొడుతూ రైట్ అనడం, ఆయన పోనివ్వడం. నలభై రోజులు ఒక్క గీత పడకుండా నడిపారు.

ఆ తర్వాత మూడు నెలలకి, ఒక ఆదివారం పొద్దున, సగం గడ్డం గీసుకుని అద్దం ముందు కూలబడిపోయారు. సాయంత్రానికి లేరు.

నేను ఉద్యోగం మానేశాను. వేరే డ్రైవరు వెనక నిలబడి రైట్ అనడం నా వల్ల కాలేదు. ఇంట్లో కూర్చుంటే అది ఇంకా కష్టంగా ఉంది. మధ్యాహ్నం రెండింటికి బస్సు ఘాట్ ఎక్కే వేళ. ఆ టైముకి కాళ్లు వాటంతట అవే లేచి నిలబడేవి. వంటింట్లోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి వంటింట్లోకి తిరిగేదాన్ని.

నెలమాసికం అయ్యాక గ్రేస్ ఒక పెట్టె పట్టుకుని వచ్చింది. చిన్న స్టీరింగు తీసి టీపాయికి బిగించింది, టీవీకి వైర్లు తగిలించింది. "మీ గొంతు లేకపోతే ఒరవడి సరిగ్గా నడపట్లేదాంటీ. రోజూ ఒక్క గంట ఆడి పెడతారా?" అంది. అది సగమే నిజమని, మిగతా సగం నా మీద జాలి అని తర్వాత తెలిసింది.

టీవీలో మా బస్సు లోపలి భాగం వచ్చింది. డ్రైవరు సీటు ఖాళీగా ఉంది. అక్కడ బొమ్మ పెట్టనని గ్రేస్ ముందే చెప్పింది, మంచిపనే చేసింది. నేను గొంతు సవరించుకుని "రైట్" అన్నాను. టీపాయి మీద స్టీరింగు కదిలింది. ముందు కాస్త కుడికి తిరిగి, తర్వాత నిలకడగా ఎడమకు. స్టాండులోంచి బస్సు తీసేటప్పుడు ఆయన అచ్చం అలాగే తీసేవారు. నేను టీవీ ముందు చాప మీద కూర్చుని చాలాసేపు ఏడ్చాను. బస్సు రంపచోడవరం దాకా ఒక్క టికెట్టూ కొట్టకుండానే పోయింది.

మర్నాడు మాత్రం టికెట్లు కొట్టాను. ఆ ఆటలో నిజంగానే మజా ఉంది, అబద్ధం చెప్పను. మొదటి మెట్టు మామూలు రోజు, రెండో మెట్టు సంతరోజు, మూడోది వానాకాలం, నాలుగోది పొగమంచు. టికెట్టు లేకుండా వెనక సీటు చాటున దాక్కునేవాళ్లని పట్టుకుంటే ఎక్కువ పాయింట్లు. యాభై ఎనిమిదేళ్ల దాన్ని, గుడిలో హారతికి కూడా అంత టైము ప్రకారం పోలేదు గానీ రెండయ్యేసరికి టీవీ ముందు హాజరు. నిద్ర పట్టింది. నోటికి రుచి తెలిసింది. ఒళ్లు తేలికపడింది.

మా ఆడపడుచు మంగతాయారు ఒకరోజు ఈ సంగతి విని ఉరుముకుంటూ వచ్చింది.

"ఏంటొదినా ఇది? పోయినోడితో ఆటలేంటి? వీధిలో నలుగురూ ఏవనుకుంటారు?"

"నువ్వు కూచో తాయారూ. మాట్లాడకు, కొండెక్కుతున్నాం."

కూర్చుంది. ముందు టీవీ చూసింది, తర్వాత టీపాయి మీద స్టీరింగు చూసింది. వంపు దగ్గర అది ఓపిగ్గా తిరిగి, తిరిగినంత మెల్లిగానూ వెనక్కి వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మా అన్నయ్యే" అంది. ఇంకో వంపు దాటాక, "నాకూ ఓ టికెట్టు కొట్టు. మారేడుమిల్లిదాకా" అంది.

ఇక తప్పు ఎక్కడ జరిగిందో చెప్పాలి. మొత్తం నా తప్పే.

ఒకరోజు ఏడో వంపులోకి వచ్చేసరికి ఎందుకో దుఃఖం పొంగుకొచ్చింది. "ఏవండీ, కాసేపు ఆగండి" అన్నాను. బస్సు ఆగింది. పక్కన లోయ, ముందు కనబడని మలుపు, ఆ వంపు నడిమధ్యన ఆగింది. ఇరవై రెండేళ్లలో నా మాట మీద ఆయన అలా ఆగడం అదే మొదటిసారి. నాకు ఎంత ఆనందమైందో! చేప పులుసు మాడిన సంగతీ, తాయారు మోకాళ్ల నొప్పుల సంగతీ పది నిమిషాలు చెప్పాను. బస్సు ఊరికే నిలబడి వింది. ట్రిప్పు అయ్యాక ఎప్పట్లాగే తెరమీద ప్రశ్న వచ్చింది: డ్రైవరు ఎలా నడిపారు? పచ్చ నొక్కితే సరిగ్గా నడిపారని, ఎరుపు నొక్కితే తప్పు చేశారని. నేను పచ్చ నొక్కాను. ఎప్పుడూ పచ్చే నొక్కాను. సొంత డ్రైవరు మీద ఎరుపు నొక్కే కండక్టరు ఎక్కడైనా ఉంటుందా?

అప్పట్నుంచి రోజూ ఏడో వంపులో ఆగడం మాకు అలవాటైంది. తర్వాత నేను అడక్కుండానే ఆగేవారు. హారను గట్టిగా కొడితే నేను ఉలిక్కిపడి అబ్బా అంటున్నానని అది కూడా తగ్గించారు. పదకొండు నెలలు, దాదాపు మూడువందల ట్రిప్పులు, అన్నిటికీ పచ్చే.

గ్రేస్ మళ్లీ వచ్చినప్పుడు మంచినీళ్లు కూడా తాగలేదు.

"ఆంటీ, లోవరాజని ట్రైనింగు డ్రైవరు ఉన్నాడు. రెండు నెలలు ఒరవడి మీద నేర్చుకున్నాడు. నిన్న నిజం బస్సు ఇచ్చి ఘాట్ మీదికి పంపారు. ఏడో వంపు మధ్యలో బ్రేకేసి నిలబెట్టేశాడు. ఎదురుగా వెదురు లారీ వస్తోంది."

"కుర్రాడు?"

"బానే ఉన్నాడు. లారీవాడు చివర్లో పక్కకి తిప్పేశాడు. ఎందుకాపావంటే, చేతులు వాటంతటవే ఆపేశాయండీ అంటున్నాడు."

తల వంచుకుని మిగతాది చెప్పింది. ఇంట్లో ఉన్నదీ కాలేజీలో ఉన్నదీ ఒకటేనట. నేను ఇక్కడ పచ్చ నొక్కితే అది అక్కడ నేర్చుకుంటుంది. నలభై రోజుల అసలు రికార్డులు చూసి బాగుచేద్దామంటే, ఒంటికి సంబంధించిన లెక్కలు కాబట్టి ఆరు నెలల్లో చెరిపెయ్యాలని మా ఆయనే సంతకం పెట్టారు. మధ్యలో పాత ప్రతులు దాచకపోవడం తన తప్పేనని గ్రేస్ ఒప్పుకుంది. "ఏ ట్రిప్పుకీ మీరు ఎరుపు నొక్కకపోతే, అన్నీ బాగున్నాయి కాబోలనుకున్నాను" అంది.

"ఇప్పుడేం చేస్తారు?"

"రెండు దారులున్నాయాంటీ. ఇంట్లో ఉన్నదాన్ని కాలేజీ నుంచి తెంపేస్తాను. ఇది ఇలాగే మీకు ఉండిపోతుంది. అక్కడిది తీసేసి వేరే డ్రైవరుతో మొదట్నుంచీ మొదలెడతాం. లేదంటే అంకుల్ ఎలా నడిపేవారో తెలిసినవాళ్లు పక్కన కూచుని, వంపు వంపుకీ తప్పులు పట్టి దీన్ని దిద్దాలి. అలా తెలిసింది మీకొక్కరికే. దిద్దితే మటుకు ఇక్కడిది కూడా మారిపోతుంది. మీ కోసం ఆగదు."

"నా మొగుడి మీద నన్ను రిపోర్టులు పెట్టమంటావా?" అన్నాను. "తెంపేసెయ్యమ్మా. ఇది నాకుంటే చాలు."

గ్రేస్ తలూపింది. సోమవారం వచ్చి తెంపుతానని వెళ్లిపోయింది.

మర్నాడు రెండింటికి ఆట పెట్టాను. బస్సు కొండెక్కుతోంది. నాలుగో వంపు వచ్చింది. హారను లేకుండా మెత్తగా తిరిగింది. ఇక్కడ ఆయన హారను ఒకసారి కొట్టేవారా, రెండుసార్లా? ఊరికే, సరదాకి అనుకున్నాను. జ్ఞాపకం రాలేదు. కళ్లు మూసుకుని ఆలోచించాను. గుర్తు రావడం లేదు. వంపులోకి లోపల అంచున వెళ్లేవారా, బయట అంచునా? అదీ తెలియడం లేదు. ఎంత తలుచుకున్నా ఈ టీవీలో బస్సే కళ్లముందు కనబడుతోంది. నిన్నా మొన్నా నేను చూసిన ఈ నెమ్మదస్తుడే అడ్డం వస్తున్నాడు. నాతో ఇరవై రెండేళ్లు పోట్లాడిన మనిషి నా తలలోంచే జారిపోతున్నాడు, ప్రతి మధ్యాహ్నం పచ్చ నొక్కి నేనే తోసేస్తున్నాను. నాకు అంతకంటే భయం ఎప్పుడూ వెయ్యలేదు. ఆయన పోయినరోజు కూడా అది బాధ, భయం కాదు.

మర్నాడు పొద్దున్నే గోకవరం స్టాండులో భద్రాచలం బస్సెక్కాను. డ్రైవరు నాకు తెలియనివాడు. కండక్టరు పిల్లకి పాతికేళ్లుంటాయి. రంపచోడవరం దాటాక లేచి, సీట్ల మధ్య నిలబడ్డాను.

"సీట్లు ఖాళీగా ఉన్నాయి కదండి మామ్మగారూ, కూచోండి. పడిపోతారు" అంది.

"ఈ రోడ్డు మీద పడ్డం నాకు రాదమ్మా" అన్నాను.

టికెట్లు కొట్టే కండక్టరుకు రెండు చేతులూ ఖాళీ ఉండవు. నడుము సీటు కడ్డీకి ఆనించి, ఒంటి బరువు అటూ ఇటూ మార్చుకుంటూ నిలబడాలి. డ్రైవరు ఎటు తిప్పుతాడో ముందుగా తెలిసేది మన తుంటికే. కళ్లు మూసుకున్నాను. మొదటి వంపులో ఈ డ్రైవరు ఎడమకు తిప్పాడు. నా ఒళ్లు మాత్రం అంతకు ముందే ఎడమకు ఒరిగి, ఆ తిప్పుడు కోసం ఎదురుచూస్తూ ఉంది. మా ఆయన ఇంకాస్త ముందు తిప్పేవారన్నమాట! రెండో వంపులో ఈ డ్రైవరు తిన్నగా పోయాడు, నా మడమ కుడివైపు నొక్కుకుంది. అంటే ఆయన బయట అంచుకు వెళ్లి తిరిగేవారు. నాలుగో వంపులో నా నోరు దానంతటదే మూతపడింది. ఎందుకో అర్థమై నవ్వొచ్చింది. అక్కడ రెండుసార్లు హారను. పొడుగ్గా ఒకటి, పొట్టిగా ఒకటి. ఆ మోతలో టికెట్టు ఎంతో చెబితే వినబడదని నేను మాట ఆపేసేదాన్ని.

తలలోంచి పోయిందంతా ఒంట్లో ఉంది. భద్రాచలం దాకా నిలబడే వెళ్లాను. తిరుగుబస్సులో కూడా నిలబడే వచ్చాను. వస్తూనే గ్రేస్‌కి ఫోన్ చేసి, "తెంపొద్దు. దిద్దుదాం" అన్నాను.

మొదటి ఎరుపు నొక్కడానికి అరగంట పట్టింది. కాలేజీ గదిలో కుర్చీలో కూర్చుని, బొత్తాం మీద వేలు పెట్టి తీసేస్తూ ఉన్నాను. నొక్కి ఊరుకుంటే సరిపోదు, తప్పేమిటో నోటితో చెప్పాలి. చివరికి నొక్కాను. "డ్రైవరు గారూ, ఒకటో వంపులో ఆలస్యంగా తిప్పారు" అన్నాను. పదో ఎరుపు దగ్గరికి వచ్చేసరికి పాత గొంతు వచ్చేసింది. "అదేం తోలడమండీ? గేరెందుకు మార్చలేదు? ఎనకాల గర్భిణీ మనిషి కూచుంది, కనబడ్డంలేదా?" గ్రేస్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ ఒక్కరోజే నూట నాలుగు ఎరుపులు. ఇంటికి వస్తూ దారంతా ఏడ్చాను. కాకపోతే ఆ ఏడుపులో ఎవరితోనో గట్టిగా పోట్లాడి వచ్చిన హుషారు కూడా ఉంది.

మూడు వారాలు అలా రోజూ వెళ్లాను. ఎరుపులు అరవై అయ్యాయి, ఇరవై అయ్యాయి, మూడయ్యాయి. హారను మళ్లీ మోగింది. వంపుల్లో బస్సు బయట అంచుకు వెళ్లింది. ఇంట్లో టీవీ పెట్టడం మానేశాను. రెండైతే కాళ్లు లేస్తున్నాయి, లేవనిచ్చాను.

ఆఖరిది ఏడో వంపు. దాన్ని పరీక్షగా పెట్టారు. ఇది కుదిరితే ఒరవడి కొత్తవాళ్లకు మళ్లీ పాఠం చెబుతుంది, లేకపోతే తీసేస్తారు. లోవరాజు కూడా వచ్చి గోడవార నిలబడ్డాడు.

"ఆంటీ, ఏడో వంపులో మీరు ఆపమనాలి" అంది గ్రేస్. "ఉత్తుత్తినే అంటే దానికి తెలిసిపోతుంది. నిజంగా ఆగాలన్నట్టే అడగాలి. అది ఆగకూడదు."

"నిజంగా అడగడం ఎలాగమ్మా, ఆగకూడదని కోరుకుంటూ?"

ఆ పిల్ల నా భుజం మీద చెయ్యి వేసి, హెడ్‌ఫోన్లు సర్ది వెళ్లింది.

"రైట్" అన్నాను. బస్సు కదిలింది. మూడు, నాలుగు, అయిదు. ఆరు దాటాక రోడ్డు ఒక్కసారిగా ముడుచుకుంది, ఎడమవైపు లోయ తెరుచుకుంది.

"డ్రైవరు గారూ, ఆగండి" అన్నాను. మామూలు గొంతే వచ్చింది. బస్సు వంపులోకి ముక్కు పెట్టింది.

"ఏవండీ, ఆగండి."

ఆ మాట నేను ఇంతకు ముందు కూడా అన్నాను. ఆ ఆదివారం, ఆసుపత్రి వరండాలో. చక్రాల మంచం మీద ఆయన్ని తోసుకుపోతుంటే, చెప్పుల్లేని కాళ్లతో వెనక పరిగెడుతూ అన్నాను. ఒక్క నిమిషం ఆపండి, ఆయనతో ఓ మాట చెప్పాలి అని. ఎవరూ ఆపలేదు. ఆయన తల ఇటు తిప్పబోయారు, ఈలోగా తలుపులు పడిపోయాయి. ఇంతవరకూ నేను ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, తాయారుకు కూడా.

"ఆగండి! మీకు దణ్ణం పెడతాను, ఒక్కసారి ఆగండి! ఒక్క మాట చెప్పాలండీ!"

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. అరుస్తున్నాను. బస్సు ఆగలేదు. స్టీరింగు బిగువుగా తిరిగింది, రెండుసార్లు హారను మోగింది, గేరు పడింది. లోయ అంచు వెంబడి, తొణక్కుండా బెణక్కుండా, నా అరుపులు నెత్తిన వేసుకుని ఆ మనిషి వంపు మొత్తం తిప్పాడు. వంపు దాటింది. ఇంకో రెండొందల గజాలు పోయింది. అక్కడ కొండ వెనక్కి జరిగి రోడ్డు వెడల్పుగా ఉంది. ఆ వెడల్పులో, ఎడమపక్కకు తీసి, కుదుపు లేకుండా ఆగింది.

లోవరాజు కళ్లు తుడుచుకుంటున్నాడు. ఇంజను నడుస్తూనే ఉంది. నేను చెప్పేదాకా బస్సు కదలదని నాకు తెలుసు.

హెడ్‌ఫోన్లకున్న మైకు నోటికి దగ్గరగా జరుపుకున్నాను.

"నేను మీ ఎనకాలే ఉన్నానండీ. మీరు భయపడకండి" అన్నాను. ఆ ఆదివారం నేను చెప్పాలనుకున్నది అంతే. "ఇంక పోనివ్వండి."

బస్సు కదిలింది.